నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజు

చార్మినారును కళ్లారా చూడనివారు ఉండవచ్చు గాని, దాని బొమ్మనైనా చూడనివారు మన తెలుగునాట ఉండరు. సిగరెట్టు పెట్టెల మీద, గోడ కాలెండర్ల మీద, పిల్లల నోటు పుస్తకాల అట్టల మీద ఆ నాలుగు మీనార్లు మనకు చిన్ననాటినుంచీ పరిచయమే. అయితే ఆ చార్మినారుకు ఉత్తరంగా, కూతవేటు దూరంలో, దాదాపు దానితోపాటే పుట్టి, దానితోపాటే ఎండా వానా ఓర్చుకుని, దానికి దక్కిన పేరులో వందోవంతు కూడా దక్కించుకోలేకపోయిన తోబుట్టువు ఒకటున్నది. అదే గుల్జార్ హౌజు.

హైదరాబాదు వాస్తవ్యుణ్ణి ఎవరినైనా "గుల్జార్ హౌజు ఎక్కడండీ?" అని అడిగి చూడండి. "ఆ నగల దుకాణాల దగ్గరే కదా!" అంటాడు ఠక్కున. "అదిసరే, హౌజు ఏదీ?" అనండి. అప్పుడు కాస్త తడుముకుంటాడు. రోజూ దాని చుట్టూ ప్రదక్షిణం చేసి పోయేవారే. అయినా దాన్ని చూసినవారు తక్కువ.

నేనూ ఆ బాపతు మనిషినే. కిందటి ఏడు మా అక్కయ్య తెనాలినుంచి వచ్చింది. మనవడి అన్నప్రాశనకు వెండి గిన్నె, చెంచా కొనాలట. తెనాలిలో వెండి దొరకదా అంటే, "దొరకకేం, అయినా చార్మినారు దగ్గర కొన్నామంటే ఆ సరదాయే వేరు" అన్నది. నేనూ, మా ఆవిడా, ఎనిమిదేళ్ల మా అమ్మాయీ వెంట బయలుదేరాం. దుకాణం మెట్లెక్కబోతూ అక్కయ్య వెనక్కు తిరిగి, "ఒరే తమ్ముడూ, బేరం తెమిలేసరికి గంట పడుతుంది. నువ్వూ పిల్లా ఆ తొట్టి దగ్గరే ఉండండి. ఎక్కడికీ పోకండి" అని ఆజ్ఞాపించింది.

ఆ విధంగా నా జీవితంలో మొదటిసారిగా గుల్జార్ హౌజు ముందు ఊరికే నిలబడ్డాను. నాలుగు రోడ్ల మధ్య, చుట్టూ కమ్మీల కంచె. లోపల రాతి కట్టుతో గుండ్రని తొట్టి. నడుమ నీరు చిమ్మే స్తంభం. మేము వెళ్లిన పూట నీరు చిమ్మడం లేదు. అడుగున కాస్త తడి, నాలుగు కాగితాలు, ఎవరో తాగి పారేసిన టీ కప్పు. ఆటోలు, స్కూటర్లు, తోపుడు బళ్లు దాని పక్కగా ఒరుసుకుంటూ పోతున్నాయి.

మా అమ్మాయి కమ్మీలు పట్టుకుని చాలాసేపు చూసి, "నాన్నా, ఇది ఎవరిది?" అన్నది.

"ఏది?"

"ఈ నీళ్ల తొట్టి. ఎవరింటిది? రోడ్డు మధ్యలో ఎందుకు కట్టుకున్నారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తరవాత పుస్తకాలు తిరగేసి, తెలిసినవారిని అడిగి, నాలుగైదుసార్లు మళ్లీ ఆ చౌరస్తాకు వెళ్లి వచ్చాక పోగుచేసుకున్న సంగతులే ఇవి.

పేరులో ఏమున్నది?

"హౌజ్" అరబ్బీ మాట. నీరు నిలవచేసే తొట్టి అని అర్థం. మాట పరాయిదేమో గాని, వస్తువు మన పెరటిదే. తెలంగాణ ఇళ్లలో నేటికీ నీళ్లు నింపుకునే తొట్టిని హౌజనే అంటారు. కృష్ణా, గుంటూరు జిల్లాలవారు దాన్నే గాబు అంటారు. "గుల్జార్" పారశీక పదం. పూలతోట అని చెప్పుకోవచ్చు. అంటే ఇది పూలతోట తొట్టి.

కాని పుట్టినప్పుడు దీనికి పెట్టిన పేరు ఇది కాదు. "చార్ సూ కా హౌజ్" అని పిలిచేవారట. "చార్ సూ" అంటే నాలుగు దిక్కులు. ఇరాను దేశపు పాత బజార్లలో రెండు వీధులు అడ్డంగా కలుసుకునే కూడలిని నేటికీ ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. నాలుగు దిక్కులనుంచి వచ్చేవారు కలుసుకునే చోట ఉన్న తొట్టి కనుక ఆ పేరు. నన్నడిగితే పూలతోట కంటే ఆ మొదటి పేరే దీనికి అతికినట్టుంటుంది.

నగరం నడిబొడ్డున ఇరాను మాట ఎందుకు వచ్చిందన్న సందేహం పాఠకులకు కలుగవచ్చు. దానికి జవాబు ఊరు పుట్టిన కథలో ఉన్నది.

కోట నుంచి కూడలికి

గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులలో నాలుగవవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. మన కవులు అభిమానంతో మల్కిభరాముడని పిలుచుకున్నది ఇతన్నే. అద్దంకి గంగాధరుడు తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చిందీ ఇతనికే. ఇబ్రహీం కాలానికే గోలకొండ కోటలో జనం కిక్కిరిసిపోయి, గాలికీ నీటికీ కటకట ఏర్పడింది. హుస్సేన్ సాగరం ఇతని కాలంలో తవ్వినదే. మూసీ నదికి అవతల నేల విశాలంగా ఉన్నదని గమనించి 1578లో నది మీద వంతెన కట్టించాడు. ఈనాటి పురానాపూల్ అదే.

వంతెన తండ్రి కట్టించగా, ఆ వంతెన దాటి ఊరు కట్టినవాడు కొడుకు. 1580లో చిన్న వయసులోనే సింహాసనం ఎక్కిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో మూసీ దక్షిణపు ఒడ్డున కొత్త నగరానికి పునాది వేశాడు. హిజరీ లెక్కలో అది 1000వ సంవత్సరం. ఆయన స్వయంగా కవి. దక్కనీ భాషలో వేల పద్యాలు రాసినవాడు. తన ఊరు జనంతో కళకళలాడాలని కవిత్వంలోనే కోరుకున్నవాడు.

ఊరికి నమూనా గీసిన బాధ్యత మీర్ మోమిన్ అస్త్రాబాదీది. ఇతడు ఇరానునుంచి వచ్చి గోలకొండ కొలువులో పేష్వా, అనగా ప్రధానమంత్రి, పదవిదాకా ఎదిగిన పండితుడు. చార్మినారు దగ్గర రెండు రాజమార్గాలు అడ్డంగా కలుసుకునేటట్టు, అక్కడినుంచి నాలుగు దిక్కులకూ ఊరు పరుచుకునేటట్టు ఏర్పాటు జరిగింది. చార్మినారుకు ఉత్తరంగా, రాజభవనాల ముంగిట, పెద్ద మైదానం వదిలారు. దాని పేరు జిలూఖానా. సేనలు బారులు తీరి కవాతు చేసే స్థలం. ఆ మైదానానికి నాలుగు వైపులా నాలుగు కమానులు, నట్టనడుమ నీటి తొట్టి. ఇరానులో పుట్టిన మనిషి గీసిన పటంలో "చార్ సూ" అన్న మాట ఉండటం వింతేమీ కాదు గదా!

నాలుగు కమానులు

ఈ కమానులు 1592 ప్రాంతంలో లేచాయి. నాలుగూ నేటికీ నిలిచే ఉన్నాయి. మదీనా భవనం వైపునుంచి పత్తర్‌గట్టి దుకాణాలు చూసుకుంటూ దక్షిణంగా నడిచివస్తే మొదట తగిలేది మచిలీ కమాను. మచిలీ అంటే చేప. చేప శుభసూచకమని, సిరిసంపదలకు గుర్తని నమ్మి ఆ కమానుకు చేప బొమ్మ వేలాడదీసేవారట. అందుకే ఆ పేరు.

ఆ కమాను దాటగానే గుల్జార్ హౌజు. అక్కడ నిలబడితే ఎడమచేతి వైపున, అంటే తూర్పున, కాలీ కమాను. ఒకప్పుడు ఇది నగారాఖానా. ఇక్కడినుంచే నగారాలు మోగేవి. ఎదురుగా చార్మినారు కమాను. దాని వంపులోనుంచి చార్మినారు, చట్రం కట్టిన పటంలాగా కనిపిస్తుంది. ఫోటోలు తీసేవారంతా నిలబడే చోటు ఇదే.

కుడిచేతి వైపు, పడమట, ఉన్న కమాను కథ కాస్త వింతైనది. రాజభవనానికి దారి అటునుంచే. ఆ గుమ్మానికి బంగారు జరీ అల్లిన తెర వేలాడేదని చెబుతారు. తరవాతి కాలంలో దానికి "సెహర్-ఎ-బాతిల్" అన్న పేరు వచ్చింది. మంత్రాన్ని విరిచేది అని అర్థం. రాజుగారి ఇంటిలోకి ఎవరి చేతబడీ, ఏ దృష్టిదోషమూ ప్రవేశించకుండా మీర్ మోమిన్ అక్కడ పవిత్ర వాక్యాలు చెక్కిన రాతిస్తంభం నిలిపాడని ఒక కథ. జనం నోళ్లలో పడి "సెహర్" కాస్తా "షేర్" అయి కూర్చున్నది. మంత్రం పోయి పులి వచ్చిందన్నమాట!

ఈ నాలుగింటి నడుమ నిలబడి ఒక్కసారి ఆ రోజులు ఊహించుకోండి. తూర్పున నగారాలు మోగుతున్నాయి. పడమట తెర తొలగుతున్నది. అంబారీతో ఏనుగు ఉత్తరపు కమాను కిందినుంచి నడిచివస్తున్నది. మధ్యాహ్నపు ఎండ. వేల గుర్రాల గిట్టలు లేపిన దుమ్ము. ఆ దుమ్ము నడుమ, తెల్లగా, చల్లగా, నీరు పైకెగసి పడుతున్నది. ఈ హౌజు అప్పుడు ఇప్పటికంటే చాలా పెద్దది. దుమ్మునణచడానికీ, గాలిని చల్లబరచడానికీ, కంటికింపుకూ, గొంతు తడుపుకోవడానికీ అన్నిటికీ అదే.

మోటారు లేని రోజుల్లో...

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం కలుగుతుంది. మా అమ్మాయికీ కలిగింది. "కరెంటు లేదు, మోటారు లేదు. మరి నీళ్లు పైకెట్లా వచ్చాయి?"

దీనికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. వంటింట్లో టీ కూజా చూడండి. కూజాలో డికాక్షను ఎంత ఎత్తున ఉంటే, కొమ్ములోనూ అంతే ఎత్తున ఉంటుంది. కొమ్మును దానికంటే పొట్టిగా చేశామో, కూజా వంచకుండానే టీ పొర్లిపోతుంది. నీటి స్వభావమే అంత. తాను బయలుదేరిన ఎత్తును మరిచిపోదు. దారిలో గొట్టంలో పెట్టి ఎంత పల్లానికి దించినా, వదిలిపెట్టగానే మళ్లీ ఆ ఎత్తుకు చేరబోతుంది. గొట్టం గోడల రాపిడివల్ల కొంత బలం తరిగి, ఆ ఎత్తుకు కాస్త తక్కువలో ఆగిపోతుంది.

అంచేత ఫౌంటెను ఆడాలంటే కావలసింది యంత్రం కాదు, ఎత్తున ఒక చెరువు. పాతబస్తీకి దక్షిణంగా జల్‌పల్లి చెరువున్నది. పేరులోనే జలమున్న ఊరు. అక్కడినుంచే కాలువల గుండా, గొట్టాల గుండా కొత్త నగరానికి నీరు తెచ్చారని చరిత్రకారులు చెబుతారు. చార్మినారు కిందా ఒక తొట్టి ఉన్నది.

ఈ ఏర్పాటు చూసి విదేశీయులు సైతం ముక్కున వేలేసుకున్నారు. 1660లలో ఈ ఊరు చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, చార్మినారు అంతస్తులు నీటిని పైకెక్కించి, రాజభవనపు పైగదులకు అందించడానికి పనికివచ్చేవని రాశాడు. అంతకు ముందు వచ్చిన వజ్రాల వర్తకుడు టావర్నియర్, రాజభవనం డాబాల మీద తోటలున్నాయనీ, ఆ తోటల్లో పెద్ద పెద్ద చెట్లున్నాయనీ, కింది కమానులు ఆ బరువెట్లా మోస్తున్నాయో ఆశ్చర్యమనీ రాశాడు. చెట్లు మేడ మీద పెరిగాయంటే నీరు మేడ ఎక్కిందన్నమాటే గదా.

తెవెనో రాసిన మరొక మాట చదివి నాకు నవ్వాగలేదు. చార్మినారు అంత అందమైన కట్టడం ఊళ్లో మరొకటి లేదట. అయితే దాని చుట్టూ కర్రలతో నిలబెట్టి గడ్డి కప్పిన అనాకారి దుకాణాలలో పండ్లమ్ముతున్నారట! మూడువందల యాభై ఏళ్లనాటి ఫిర్యాదు ఇది. నిన్నటి దినపత్రికలో ఉత్తరాల శీర్షికలో అచ్చయినట్టులేదూ? పాపం, తెవెనో తన పుస్తకం అచ్చులో పూర్తిగా చూసుకోలేదు. ఇంటికి తిరిగిపోతూ 1667లో దారిలోనే, ఇరానులో, కన్నుమూశాడు. అప్పటికతనికి ముప్ఫై నాలుగేళ్లు.

మేడలు పోయాయి, తొట్టి మిగిలింది

1687లో ఎనిమిది నెలల ముట్టడి తరవాత గోలకొండ ఔరంగజేబు వశమైంది. చివరి సుల్తాను తానాషా ఖైదీగా దౌలతాబాదుకు పోయాడు. జరీ తెరలు, డాబాల మీది తోటలు, రాజభవనాలు - ఏవీ నేడు లేవు. కొన్ని సేనల పాలయ్యాయి. కొన్ని నిప్పు పాలయ్యాయి. మిగిలినవి కాలం పాలయ్యాయి. పడమటి కమాను దాటి వెళితే ఇప్పుడు రాజభవనం రాదు. సందులూ, దుకాణాలూ వస్తాయి.

కాని నడివీధిలోని తొట్టి మాత్రం మిగిలింది. ఎందుకని? నాకు తోచిన కారణం ఇది. రాజు మేడ రాజుకే అక్కరకు వస్తుంది. రాజు పోగానే దానితో ఎవరికీ పని ఉండదు. గొట్టం వెంట నడిచివచ్చి నడిబజారులో ఎగసే నీటికి తలుపూ తాళమూ ఉండవు. ఎవరు గెలిచినా దాహం దాహమే. గెలిచినవాడి గుర్రానికీ నీళ్లు కావాలి, ఓడినవాడి గుర్రానికీ కావాలి.

దాహానికి నీళ్లివ్వడం మన రెండు సంప్రదాయాలలోనూ పెద్ద పుణ్యమే. ఎండాకాలం రాగానే మనవాళ్లు తాటాకుల పందిరి వేసి, కొత్త కుండలు పెట్టి చలివేంద్రం నడుపుతారు. మొహరం వచ్చిందంటే హైదరాబాదు వీధుల్లో సబీళ్లు వెలుస్తాయి. దారినపోయే వారెవరైనా సరే, పిలిచి నీళ్లో షర్బతో పోస్తారు. ఈ హౌజు ఆ రెండింటికీ పెద్దక్క వంటిది. ఏడాదిలో కొన్నాళ్లు కాక, అన్ని రోజులూ నడిచిన చలివేంద్రం.

1760లలో నిజాం అలీఖాను కాలంలో అసఫ్‌జాహీల రాజధాని ఔరంగాబాదునుంచి హైదరాబాదుకు మారింది. కళ తప్పిన ఊరు మళ్లీ కళకళలాడింది. జిలూఖానా మైదానం చుట్టూ వర్తకులు చేరారు. వెండి, బంగారం, ముత్యాలు. కవాతు మైదానం కాస్తా నగల బజారైంది. భిస్తీలు తోలుసంచులు భుజాన వేసుకుని నీళ్లు మోసిన రోజులవి. 1806 ప్రాంతంలో దివాను మీర్ ఆలం పేరిట మరొక చెరువు వెలిసింది. ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆ ఆనకట్టను జంతుప్రదర్శనశాలకు వెళ్లినవారు చూసే ఉంటారు. పాతబస్తీ దాహం తీర్చిన చెరువుల్లో అదీ ఒకటి.

కుళాయి వచ్చింది, హౌజు చిక్కిపోయింది

నీటికి అలవాటుపడిన ఆ నగరానికి 1908 సెప్టెంబరు 28న నీరే మృత్యువైంది. మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అటువంటి ఉపద్రవం మళ్లీ రాకుండా చేయడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహామీద నదికి ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద తగ్గింది. అంతేకాదు, శుద్ధిచేసిన నీరు గొట్టాల ద్వారా ఇంటింటికీ వచ్చింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణాల వరస లేచింది.

ఇదంతా మంచిదే. ఇంట్లో కుళాయి తిప్పితే నీరొస్తుంటే ఎవరైనా కడవ పట్టుకుని నడివీధికి ఎందుకు వెడతారు? వెళ్లనక్కర్లేదు కూడా. కాని ఆ రోజుతోనే హౌజుకు గడ్డుకాలం మొదలైంది. అవసరం తీరాక అది అలంకారంగా మిగిలింది. అలంకారం ఎప్పుడూ ఇరుకు రోజుల్లో ముందుగా కోతకు గురవుతుంది. గుర్రబ్బళ్లు పోయి మోటార్లు వచ్చాయి. దారి చాలడం లేదన్నారు. తొట్టిని కుదించారు. పెద్ద కొలను వంటిది చిన్న తొట్టి అయింది. చుట్టూ కంచె వచ్చింది.

నేను దుకాణం బయట నిలబడిన రోజున, ఆ దుకాణం పెద్ద గుమాస్తా బయటికి వచ్చి మాకు స్టూలు వేయించాడు. నేను హౌజును ఎగాదిగా చూస్తుంటే, "మా తాత చెబుతుండె సార్, గిది ముందుగాల మస్తు పెద్దగ ఉండెనంట. గిప్పుడు గింతే మిగిలింది" అన్నాడు.

"ఎవరు చిన్నది చేశారు?" అంది మా అమ్మాయి.

ఆయన నవ్వి, రోడ్డు మీద పోతున్న బళ్లకేసి చెయ్యి చూపించి, "గీళ్లందరు, బిడ్డా. మీరు, మేము, అందరం" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఔరంగజేబు సేనలు ఈ తొట్టిని పూడ్చలేదు. మూసీ వరద దీన్ని ముంచి చంపలేదు. దీన్ని చిక్కిపోయేటట్టు చేసినది "కాస్త జరగండి, దారివ్వండి" అన్న మన తొందర. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. నాలుగు దిక్కులవారిదీ అనుకుని కట్టినదాన్ని, నాలుగు దిక్కులవారమూ ఎవరిదో అనుకున్నాం.

చౌరస్తా అంటే మనుషులు

పాతికేళ్లుగా చార్మినారు చుట్టుపట్ల కొన్ని మంచి పనులు జరిగాయి. చార్మినారు చుట్టూ బళ్లు తిరగకుండా ఆపి, రాతిపలకలు పరిచి, కాలినడకవారికి వదిలారు. అయితే దానివల్ల గుల్జార్ హౌజుకు ఒక చిక్కు వచ్చిపడింది. మదీనా వైపునుంచి వచ్చే బళ్లు ముందుకు పోలేక ఇక్కడే మళ్లుతాయి. కుడివైపు మిట్టీ కా షేర్‌కో, ఎడమవైపు కాలీ కమానుకో తిరిగిపోతాయి. అన్నగారికి దొరికిన విశ్రాంతి చెల్లెలికి అదనపు చాకిరీ అయింది.

ఈ మధ్య గుల్జార్ హౌజు పేరు దేశమంతా వినిపించింది. కాని ఎటువంటి సందర్భంలో! 2025 మే 18 ఆదివారం పొద్దున ఈ చౌరస్తాలోని ఒక పాత భవనంలో అగ్నిప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలున్నారు. కింద దుకాణాలు, పైన కాపురాలు. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో చుట్టాలంతా కూడే మన ఇళ్లవంటి ఇల్లే. ఆ వార్త విన్నాకనే ఈ పేరు మొదటిసారి తెలిసినవారు చాలామంది ఉంటారు. పూలతోట అనే పేరు ఆ విధంగా పత్రికలకెక్కడం ఎంత విషాదం!

ఆ వార్త చదివిన రోజున మా అక్కయ్య తెనాలినుంచి టెలిఫోను చేసింది. "ఒరే, మనం గిన్నె కొన్న చోటేనా?" అన్నది. అవునన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఆ తొట్టి దగ్గర ఆడుకుంటున్న పిల్లలు... అక్కడివాళ్లేనేమో రా" అన్నది చివరికి. నేనేమీ చెప్పలేకపోయాను.

పాత కట్టడం అనగానే మనం రాళ్లు లెక్కపెడతాం, సంవత్సరాలు లెక్కపెడతాం. దాని చుట్టూ మనుషులున్నారన్న మాట మరిచిపోతాం. ఆ రోజుల్లో ఊరు కట్టినవారికి ఈ మరుపు లేదు. రాజవీధుల కూడలిలో, ప్రతి గజం నేలా వెలగలిగిన చోట, ఒక మైదానమంత ఖాళీ వదిలారు. దాని నడుమ నీరు నింపారు. ఊపిరి తీసుకోవడానికి ఊరికి ఒక చోటుండాలని వారికి తెలుసు. ఆ ఖాళీని మనం కొద్దికొద్దిగా కొరుక్కుతింటూ వచ్చాం. ఎవరం పెద్దముక్క తినలేదు. అందరం తలా కాస్త తిన్నాం.

మళ్లీ అదే ప్రశ్న

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి, "నాన్నా, నీళ్లు వస్తున్నాయేమో చూసివద్దాం" అన్నది. వెళ్లాం. సాయంత్రం అయిదు గంటల వేళ. మచిలీ కమాను దాటుతుండగానే అది చెయ్యి విడిపించుకుని ముందుకు పరుగెత్తింది.

స్తంభం మీదినుంచి నీరు పడుతున్నది. ఎత్తుగా ఎగిసిపడటం కాదు, సన్నగా, జారుగా. అయినా నీరే. కంచె అవతల ఒక ముసలావిడ గాజుల మూట పక్కన పెట్టుకుని కూర్చున్నది. ఇద్దరు కుర్రాళ్లు చేతులు చాపి తుంపర మొహాన కొట్టుకుంటున్నారు. ఒక పావురం కట్ట మీద వాలి, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి నీళ్లు తాగింది.

"నాన్నా, ఆ రోజు నేనడిగాను కదా, ఇది ఎవరిదీ అని. చెప్పనే లేదు నువ్వు."

నాలుగువందల ముప్ఫై ఏళ్ల కథ విన్నాక కూడా దానికి అసలు జవాబు అందలేదన్నమాట. తడుముకోకుండా చెప్పాను.

"నీదేనమ్మా."

అది నా మొహంకేసి అనుమానంగా చూసింది. తరవాత ఏమనుకున్నదో ఏమో, వంగి, కమ్మీల సందులోనుంచి చెయ్యి దూర్చి, అంచున తేలుతున్న చాక్లెట్టు కాగితం ఒకటి అందుకుని, అటూ ఇటూ చూసి, నా జేబులో పెట్టింది.